గోరింక అని పేరు పెట్టిన కారు

మార్చి పదకొండు, మంగళవారం. ఆ ఉదయం మా ఇంట్లో బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు తిన్నాం. తిన్నాం అంటే నేనూ మా వాడూ తిన్నాం. కోడలు ఇంకా కూర్చోలేదు. మా వాడు కోసిన గుడ్డులో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత ఉంది. ఎక్కువసేపు ఉడికితే అలా వస్తుంది. వాడు పళ్ళెం పక్కకు జరిపి లేచాడు. పొయ్యి దగ్గరున్న కోడలి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని గుడ్లు ఉడికిన గిన్నెలో ముంచాడు. నీళ్ళింకా పొగలు కక్కుతున్నాయి.

"ఇప్పుడు తెలిసిందా ఎంతసేపు ఉడకాలో?" అని నెమ్మదిగా అడిగాడు. తర్వాత బూట్లు తొడుక్కుని గోదాములో డ్యూటీకి వెళ్ళిపోయాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు. నా గురించి ముందుగా చెప్పాల్సింది అదే. ముప్పయ్యేళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాను. ఏ ఆమ్లం ఎంత కాలుస్తుందో పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చూపించాను. నా భార్య పోయి నాలుగేళ్ళు. ఆమె ఉన్నంతకాలం వాడు గొంతు పెంచితే ఆమె గుమ్మంలో నిలబడేది, వాడు తగ్గేవాడు. ఆమె పోయాక ఆ గుమ్మంలో నిలబడాల్సింది నేనే. నిలబడలేదు.

కోడలు కుళాయి కింద చెయ్యి పెట్టుకుని, వెనక్కి తిరక్కుండానే అంది.

"మామయ్యా, నాకో కారు కావాలి."

"కారా?"

"పాతదే. ఎంత పాతదైనా ఫరవాలేదు. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవ్వాలి. రెండోసారి తాళం తిప్పే టైము నాకుండదు."

ఆమె నర్సు. మూడొందల కిలోమీటర్ల దూరంలో ఒక ఊళ్ళో ఉద్యోగం వచ్చిందట. మంచం దిగలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి చూసుకునే పని, సొంత బండి ఉండాలి, ఏప్రిల్ ఒకటిన చేరాలి. ఉత్తరం బియ్యం డబ్బాలో దాచింది. కిందటేడు ఒకసారి బస్సులో వెళ్ళబోయింది. మా వాడు బస్సెక్కి జుట్టు పట్టుకుని మెట్ల మీదుగా కిందికి ఈడ్చాడు. బస్సు నిండా జనమే, ఒక్కరూ సీట్లోంచి లేవలేదు. కండక్టరు మాత్రం లోపల పడిపోయిన చెప్పును కిటికీలోంచి అందించాడు. ఆ పాటి దయకే ఆమె అతన్ని ఇప్పటికీ తలుచుకుంటుంది.

"సరే తల్లీ," అన్నాను. అంతకుముందు ఏ విషయంలోనూ నేనంత తొందరగా సరే అన్నట్టు గుర్తులేదు.

మూడు వీధుల అవతల షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు నా దగ్గర చదివి రెండుసార్లు తప్పినవాడే. మనిషి భారీ, నడక ఇంకా భారీ. అందరూ అతన్ని నిదానం అని పిలుస్తారు. కోడలి చేతికున్న కట్టును అతను చూశాడు. తన స్టూలును ఫ్యాను కిందికి జరిపి, "కూర్చోమ్మా," అన్నాడు. తర్వాత నాతో, "కారు ఎందుకో నాకొద్దు మాస్టారూ. ఎప్పటికి కావాలో చెప్పండి," అన్నాడు.

పాత కార్ల యార్డులో అమ్మేవాడు సెంటు వాసనతో ఎదురొచ్చాడు.

"ఇది డాక్టరుగారి బండి సార్. ఆస్పత్రికీ ఇంటికీ తప్ప తిరిగి ఎరగదు."

నిదానం బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. "డాక్టరుగారు ఇప్పుడే దిగి వెళ్ళారా? సలసలా కాగుతోంది."

"మీరొస్తారని కాస్త తిప్పి ఉంచాం అన్నా."

"జబ్బు మనిషికి రంగు పులిమి పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు," అన్నాడు నిదానం. నాకు విడిగా చెప్పాడు: పాత బండిని చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి చూడాలి, ముందే వేడి చేసి పెట్టారంటే పొద్దున్నే మొరాయిస్తుందని అర్థం.

రెండోది వెండిరంగు కారు. ఇంజను చల్లగానే ఉంది, ఒక్కసారికే అందుకుంది. నిదానం చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల మీద పాకించాడు. సొట్టల్లో పుట్టీ పూసి ఉంటే అక్కడ అంటుకోదట. అన్నిచోట్లా అంటుకుంది. అతను తలూపబోతుంటే కోడలు వంగి, ఎడమ తలుపును పక్కనుంచి వెలుతురుకు అడ్డంగా చూసింది.

"దీనికి దెబ్బలు తగిలాయి."

"రేకు బాగానే ఉంది కదమ్మా."

"రేకు కొత్తది వేశారేమో. రంగు చూడండి. అతుకు దగ్గర కలవాలని రెండుసార్లు పూశారు. పూసినచోటే ఎక్కువ నునుపుంటుంది."

అమ్మేవాడు నవ్వాడు. "మేడమ్‌గారికి పెయింటింగ్ లైన్లో అనుభవం ఉన్నట్టుందే."

"ఉంది," అంది కోడలు.

నేను ఆమె వైపు చూడకుండా ఉండాల్సింది. చెవి కింద, మెడ మీద పౌడరు మిగతా చోట్లకంటే దట్టంగా ఉంది. నిదానం తలుపు అంచున ఉన్న రబ్బరు పీకి చూశాడు. కింద ఎర్రరంగు, చాసిస్ దగ్గర వెల్డింగు మచ్చలు. "పల్టీ కొట్టిన బండి ఇది," అన్నాడు. మళ్ళీ అమ్మేవాడివైపు తిరిగి, "ఇందులో ఎవరు పోయారయ్యా?" అనడిగాడు. అమ్మేవాడు రబ్బరును మళ్ళీ తలుపు అంచున నొక్కాడు.

మూడోది మూలన దుమ్ము కొట్టుకుని ఉంది. ముదురు గోధుమరంగు, ముందు రెండు పసుపు దీపాలు. సీటు చిరిగింది, ఏసీ పనిచేయదు. ఎవరో దానికి వేసిన ప్రతి లీటరు ఆయిలూ తేదీతో సహా చిన్న నోటుబుక్కులో రాసి, ఆ పుస్తకాన్ని డాష్‌బోర్డు అరలోనే వదిలేశారు. కోడలు ఎడమచేత్తో తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. ఆపింది. పావుగంట ఆగి మళ్ళీ తిప్పింది. మళ్ళీ అందుకుంది. పొగ లేదు. నిదానం కిందికి దూరి చూసి చాలాసేపటికి బయటికొచ్చాడు.

"అందగత్తె కాదు గానీ మాట తప్పదు," అన్నాడు.

కాగితాలు కోడలి పేరు మీదే రాయించాం. కారు నిదానం షెడ్డులో, తాళంచెవి దాని స్టీరింగు పక్కనే పెట్టి ఉంటుంది. మా వాడు సోమవారం ముప్పై ఒకటిన ఎనిమిదింటికి పనికి వెళ్తాడు. ఎనిమిదిన్నరకు ఆమె బయల్దేరాలి.

షెడ్డులోంచి తిరిగొస్తూ నేనే అన్నాను, "గోరింక అందామా దాన్ని? రంగు అదే, ఆ పసుపు కళ్ళూ అవే."

మా ఇంట్లో బళ్ళకు పిట్టల పేర్లు పెట్టే అలవాటు నా భార్యది. నీలం స్కూటరు పాలపిట్ట. మొదటి తెల్లకారు కొంగ. కొంగను అమ్మేసిన రోజు మా వాడికి ఏడేళ్ళు, దాని చక్రాన్ని వాటేసుకుని ఏడ్చాడు. ఆమె పోయాక వాడు కొన్న కారుకు ఎవరూ పేరు పెట్టలేదు.

కోడలు నవ్వింది. పగిలిన పెదవి సాగి మళ్ళీ రక్తం వచ్చింది. "నవ్వించకండి మామయ్యా, నొప్పిగా ఉంది," అంటూనే ఇంకాస్త నవ్వింది.

శనివారం ఇరవై తొమ్మిదిన ఆ పేరే మా కొంప ముంచింది.

మా వాడు స్నానానికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది కదా అని నేను వంటగదిలోకి వెళ్ళి మెల్లగా చెప్పాను: "గోరింకకు కొత్త బ్యాటరీ వేశాడట నిదానం."

నీళ్ళ చప్పుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. ఇంకెవరి ఇంట్లోనైనా ఆ మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. వాడు మాత్రం ఆ ఇంట్లో పుట్టి పెరిగాడు.

"గోరింక ఏంటి నాన్నా?" తుండు చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"గోడ మీద వాలింది."

"వాలిన పిట్టకి బ్యాటరీ వేశారా?"

నాకు అబద్ధం రాదు. నేర్చుకోవాల్సిన వయసులో నేర్చుకోలేదు.

"అమ్మ పోయాక ఈ ఇంట్లో బండికి పేరు పెట్టింది ఎవరు? మీరా?" వాడి గొంతులో ఒక్క క్షణం ఏదో చిన్నపిల్లాడి ఉక్రోషం వినిపించింది. "నాకు చెప్పకుండా?"

వెళ్ళి బట్టలు వేసుకున్నాడు. వీధి తలుపుకు తాళం వేసి జేబులో పెట్టుకున్నాడు. ఆ తీరుబడి చూసే నాకు జరగబోయేది తెలిసింది. తిరిగొచ్చి కోడలి తలను అల్మరా అంచుకేసి కొట్టాడు. ఒకసారి కాదు. గాజు గ్లాసులు కింద పడి పగిలాయి. ఆమె పగిలిన గాజు మీదే మోకాళ్ళ మీద కూలింది.

"ఎక్కడుంది?"

ఆమె తల అడ్డంగా ఊపింది. వాడు మళ్ళీ చెయ్యెత్తాడు. అప్పుడు నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. వాడికి ఆశ్చర్యమేసింది, నాకూ వేసింది.

"మీరు చెప్పండి," అని నా కుడిచేతి చూపుడువేలు పట్టుకుని వెనక్కి వంచడం మొదలుపెట్టాడు. "ఎక్కడుంది నాన్నా?"

నేను చెప్పలేదు. అది గొప్ప కాదు, నోరు పెగల్లేదు. వేలు విరిగిన చప్పుడు ఎండుపుల్ల చప్పుడులాగే ఉంది.

"నిదానం షెడ్డులో," అంది కోడలు నేల మీదనుంచి. "ఆయన్ని వదులు."

వాడు వదిలాడు. మంచం కిందనుంచి చక్రాలు విప్పే ఇనపరాడ్డు తీశాడు. ఆమె జడను మణికట్టుకు చుట్టుకుని, వీధి తలుపు తాళం తీశాడు. "నడు. నీ కళ్ళెదురుగానే దాని రెక్కలు విరుస్తా."

మూడు వీధులు అలా నడిపించాడు. ఆమె మోకాళ్ళలోంచి రక్తం పిక్కల మీదికి జారుతోంది. నేను వెనక పరిగెత్తుతున్నాను, చేతిని చంకలో పెట్టుకుని. ఇస్త్రీ చేసేవాడు పెట్టె పక్కన పెట్టి చూశాడు. మందుల షాపువాడు చూశాడు. వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

షెడ్డులో నిదానం వేరే బండి కింద పడుకుని ఉన్నాడు. మా వాడు కోడల్ని గోడకేసి తోసి, మొదటి దెబ్బ పసుపు దీపం మీద వేశాడు. రెండోది రెండోదాని మీద. ఎడమ కిటికీ పొడిపొడిగా రాలింది. బానెట్ మీద దెబ్బ పడ్డప్పుడల్లా కోడలు తనకు తగిలినట్టే ఉలిక్కిపడింది. నిదానం బండి కిందనుంచి జరిగి, లేచి, "బాబూ, అది ఇయ్యి," అని చెయ్యి చాపాడు. రాడ్డు అతని భుజం మీద పడింది. మనిషి కూలబడ్డాడు.

ఆ రెండు క్షణాల్లో ఆమె కారెక్కింది.

వాడు తిరిగి చూశాడు. ఒక్క ఉదుటున కారు ముందుకొచ్చి అద్దం మీద రాడ్డు దించాడు. అద్దమంతా తెల్లగా చిట్లింది. ఆమె ముఖం కనపడలేదు. వెనక షట్టరు తెరిచే ఉంది. ఆమె తాళం తిప్పింది. ఒక్కసారికే అందుకుంది.

వాడు తలుపు పిడి అందుకోబోయాడు. నేను వాడి కాళ్ళమీద పడ్డాను. పడటమంటే అదే, దణ్ణం పెట్టినవాడిలా బోర్లా పడి రెండు కాళ్ళూ వాటేసుకున్నాను. రాడ్డు నా వీపు మీద దిగింది. పక్కటెముక లోపల ఏదో కదిలింది. ఇంకోటి పడింది.

"వదలండి నాన్నా, చంపేస్తా."

"చంపు," అన్నాను. "వదలను."

కారు వెనక్కి వెళ్ళిన చప్పుడు, టైర్ల కింద గాజు నలిగిన చప్పుడు, తర్వాత రోడ్డు మీద గేరు పడిన చప్పుడు విన్నాను. వాడు రాడ్డును నా తలకు గురిపెట్టి పైకెత్తాడు. అది కిందికి రాలేదు. నిదానం ఒంటిచేత్తో వెనకనుంచి దాన్ని పట్టుకుని, మా వాణ్ణి కింద పడేసి, మీద కూర్చున్నాడు. తన పద్ధతిలోనే, తొందర లేకుండా. అప్పటికి ఇస్త్రీ అతనూ మందుల షాపతనూ లోపలికొచ్చి చెరో చెయ్యీ పట్టుకున్నారు. ఆలస్యమైనా వచ్చారు.

ఆస్పత్రిలో వేలికి కట్టు వేయించుకుని, సాయంత్రం పోలీస్ స్టేషన్లో కూర్చున్నాను. ఎస్సై వయసులో చిన్నవాడు. నాకు టీ తెప్పించి, నా చెయ్యి చూసి కప్పును తనే పట్టుకోబోయాడు.

"కొడుకు మీద తండ్రే ఫిర్యాదు ఇస్తున్నారు. ఇంకోసారి ఆలోచించుకోండి పెద్దాయనా. లోపల కేకలేస్తున్నాడు, మీకోసమే అడుగుతున్నాడు."

వినిపిస్తూనే ఉంది. నాన్నా అనే పిలుస్తున్నాడు. వాడు బయటికొస్తే ఏ దారిన వెళ్తాడో నాకు తెలుసు. ఆ మంగళవారం గుడ్డు దగ్గరనుంచి ఈ శనివారం దాకా అంతా చెప్పాను. వెనకటి బస్సు సంగతీ, నేను చూస్తూ కూర్చున్న రోజులూ కూడా రాసుకోమన్నాను. ఎడమచేత్తో సంతకం పెట్టాను. వంకరగా వచ్చింది.

ఏడింటికి ఫోను వచ్చింది.

"చేరాను మామయ్యా. వీధి చివర ఆపి, ముందు అద్దాన్ని పానాతో పొడిచేశాను. దారంతా ముఖానికి గాలే. పురుగులు తిన్నాను."

"తలకు కట్టించుకున్నావా?"

"ఇక్కడి నర్సుల హాస్టల్లో అమ్మాయిలు కట్టారు. మీకు?"

"నాకేం, బానే ఉన్నాను."

"అబద్ధం చెప్పడం ఇంకా రాలేదు మీకు," అంది. వెనక ఎవరో అన్నానికి పిలుస్తున్నారు. "వెళ్ళనా?" అంది.

"వెళ్ళు తల్లీ."

ఇంటికొచ్చేసరికి ఎదురింటావిడ మా గాజుపెంకులన్నీ ఊడ్చి, గడప పక్కన పొట్లం కట్టి పెట్టింది. ఎప్పుడు ఊడ్చిందో. వంటగది తుడిచి ఉంది. నేను నీళ్ళు తాగి, మా వాడి గదిలోకి వెళ్ళాను. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. మంచం మీద డ్యూటీ చొక్కా, ఒక చెయ్యి మడిచి, ఒక చెయ్యి మడవకుండా ఉంది. రెండో చెయ్యి కూడా మడిచాను. దిండు సరిచేశాను. వాడు ఈ రాత్రి అక్కడ గచ్చు మీద పడుకుంటాడు. లైటార్పి, ఫ్యాను ఆపి, కాసేపు ఆ చీకట్లో నిలబడ్డాను. తర్వాత బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాను.