మబ్బు కింద నీలం

ఆల్చిప్పలు తోముతున్నాను. పంపు కింద, గట్టి బ్రష్షుతో, ఒక్కొక్కటీ. నిన్న మా మడుల నుంచి తీసిన సరుకే. మధ్యాహ్నం భోజనానికి ఆయన వ్యాపారులను పిలిచారు. “వాళ్ల ముందు కాస్త నవ్వుతూ తిరుగమ్మాయ్, ఆ మొహం మాని” అని అత్తయ్య పొద్దున్నే చెప్పేశారు.

గట్టు చివర నా ల్యాప్‌టాప్. ఉపగ్రహం తీసిన సముద్రం ఫొటోలు దింపి, రంగును బట్టి మా ఆల్చిప్పల మడుల్లో నీళ్లెలా ఉన్నాయో రోజూ పటం గీస్తాను. ఈ పనిని కూడా అంట్లతో కలిపేశారు. “కూర్చుని బొమ్మలు చూసుకుంటుంది” అంటారాయన. తనిఖీ ఆఫీసుకు పంపే పటం కింద పేరు మాత్రం ఆయనదే.

పోయినేడు నీళ్ల మీద ముదురు మచ్చ చూసి ఆపమన్నాను. రెండు రోజులు సరుకు తీయలేదు. తీరా అది మబ్బు నీడ. అప్పటినుంచి ఇంటిల్లిపాదికీ నేను మబ్బుల మేడమ్‌ని. పనివాళ్ల ముందు కూడా అదే పిలుపు.

ఈ వారం నాలుగు రోజులు ముసురు. ఫొటోలో మడుల మీద తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. కనబడలేదని రాయాలి. “కనబడలేదంటే తనిఖీ ఆఫీసు సరుకు తీయనిస్తుందటే? మబ్బున్న చోట పోయిన వారం నీలం పులిమెయ్. రంగేయడానికీ చదువు కావాలా?” అన్నారాయన. పులిమాను. చెయ్యి నాదే. ఎవరూ పట్టుకుని వేయించలేదు.

ఇవాళ ఆకాశం విచ్చింది. తడి చెయ్యి చీరకు తుడుచుకుని కొత్త ఫొటో తెరిచాను. మడులను చుట్టేసిన తుప్పురంగు నాచు తెట్టు. నీడ కాదు, పైన మబ్బే లేదు. ఇంత మేర పాకిందంటే ఇవాళ పుట్టిందీ కాదు. అందులో విషం ఉండొచ్చు, లేకపోవచ్చు. పరీక్షిస్తేగానీ తెలీదు. ఉంటే మాత్రం ఆల్చిప్పల్లోకి దిగుతుంది, ఎంత ఉడికించినా చావదు.

పొయ్యి మీద మొదటి వాయి ఉడుకుతోంది. తోమినవి చిప్పలు బిగించుకుని నిగనిగలాడుతున్నాయి. చెడు వాసనైనా లేదు. అదే నా భయం.

ఆయనకు ఫోన్ చేశాను.

“మళ్లీ మొదలెట్టావా, మబ్బుల మేడమ్? సరుకు లారీ వెళ్లి గంటయింది. వంట సంగతి చూడు.”

వెనక్కి తిరిగేసరికి అత్తయ్య గరిటెలో ఒకటి తీసి ఊదుతున్నారు. “ఉప్పు చూస్తున్నానే. నీ చేతికి ఉప్పెప్పుడు తెలిసింది కనక!”

గరిటె లాక్కున్నాను. పొయ్యి ఆర్పేశాను.

“పిచ్చి పట్టిందా నీకు?”

“పట్టిందత్తయ్యా. మీరు మాత్రం తినకండి.”

తనిఖీ ఆఫీసుకు ఫోన్ కలిపాను. లారీని ఆపమన్నాను. నాలుగు రోజులుగా పంపిన పటం అబద్ధమన్నాను. అవతల గుమాస్తా కాగితాలు తిరగేశాడు.

“మీరెవరమ్మా? పటం కింద వేరే పేరుంది కదా.”

నాలుగేళ్లుగా గీసిన సరైన పటాలన్నీ ఆయనవే.

“ఈ అబద్ధం గీసింది నేనండీ. నా పేరు రాసుకోండి.”