అడుగుభాగం ఫోటో

మా బావమరిది నాకు పెట్టిన పేరు బూజు డాక్టరు. వాడి జిరాక్సు షాపు, నా గడియారాల రిపేరు కొట్టు పక్కపక్కనే. చేతి గడియారాలు బాగు చేయించుకునేవాళ్లు కరువైపోయారు కాబట్టి నాకు తీరిక ఎక్కువ, కంటికి తగిలించుకునే భూతద్దం ఎలాగూ ఉంది. పొద్దున్నే కొట్టు తీసేముందు వీధి చివర ప్రహరీగోడ దగ్గర ఆగుతాను. గోడ మీద మచ్చల్లా పట్టి పెరిగే లైకెన్లనూ, చెట్ల మొదళ్లలో మొలిచే గోరంత పుట్టగొడుగులనూ చూస్తుంటాను.

"బావా, నువ్వు గోడను ముద్దుపెట్టుకుంటున్నావని జనం చెప్పుకుంటున్నారు," అంటాడు వాడు. చెప్పుకోనీ. జనం నోటికి తాళం వేయడం నా పని కాదు.

ఇలాంటివాటి పేర్లు చెప్పే గ్రూపు ఒకటి ఫోన్‌లో ఉంది. ఫోటో పెడితే తెలిసినవాళ్లు జవాబిస్తారు. మూడేళ్లుగా నా ఫోటోలకు జవాబిచ్చేది ఒక్కరే. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడ. గ్రూపులో అందరూ టీచరమ్మ అంటారు. ఫోటోలో ఉన్నదాని పేరు ఆవిడ వెంటనే చెప్పేయదు. ముందు ప్రశ్నలు వేస్తుంది.

"అడుగుభాగం ఫోటో ఏదండీ? గొడుగు కింది మడతలు కాడకు అంటుకున్నాయా, ఎడంగా ఉన్నాయా?"

"తెల్లకాగితం మీద బోర్లించారా? రాలిన పొడి ఏ రంగు?"

"ఆ లైకెన్ మీద బ్లీచింగ్ నీళ్లు ఒక చుక్క వేసి చూడండి. ఎర్రబడుతుందా?"

నేను ఒక్కో ప్రశ్నకు ఒక్కో రోజు తీసుకునేవాణ్ణి. అలా ఒక్క పుట్టగొడుగుతో వారం గడిచిపోయేది.

దాచడమెందుకు, నాకు ఆ పేర్లు తెలుసు. మొదటి ఏడాది నిజంగానే తెలియదు. తర్వాత పుస్తకాలు తెప్పించుకున్నాను, రాత్రింబవళ్లు చదివాను. కానీ పేరు తేలిపోయాక ఆవిడకు నాతో ఏం పని? అందుకే దేనితో పేరు తేలుతుందో దాన్ని ఫోటోలో పడకుండా చూసుకునేవాణ్ణి. మడతలు ముఖ్యమైతే పైనుంచి తీసేవాణ్ణి. కాడ ముఖ్యమైతే కాడ మీదికి గడ్డి వంచేవాణ్ణి.

మా ఆవిడ ఉన్నరోజుల్లో ప్రశ్నలంటేనే నాకు ఒళ్లు మంట. ఎక్కడిదాకా వెళ్లారు, ఎవరు కలిశారు, చొక్కాకి ఆ మట్టేమిటి. "ఇది ఇల్లా, పోలీసు స్టేషనా?" అని కసిరేవాణ్ణి. ఆమె పోయి ఐదేళ్లు. ఇప్పుడు ఒళ్లంతా మట్టి పూసుకుని వెళ్లినా అడిగే దిక్కు లేదు. మా బావమరిది మంచివాడే, కాకపోతే వాడికి వేళాకోళమే గానీ అడగడం రాదు.

మొన్న సోమవారం ఎప్పటిలాగే కాడ కనిపించకుండా ఒక ఫోటో పెట్టాను. ఈసారి ప్రశ్న రాలేదు. నా ఒక్కడికే విడిగా ఇలా రాసింది:

"మీకు పేర్లు తెలుసు. తెలియనివాళ్లు పొరపాటునైనా ఒక్కసారి అసలు గుర్తును ఫోటో తీస్తారు. మీరు ఈ రెండేళ్లలో ఒక్కసారీ తీయలేదు. ప్రతిసారీ సరిగ్గా దాన్నే వదిలేయాలంటే అదేమిటో తెలిసుండాలి కదండీ. అవతల రెండు వందల మంది జవాబు కోసం చూస్తున్నారు. ఇకమీదట మీరూ చెప్పండి. మాట్లాడాలనిపిస్తే ఇదీ నా నంబరు. ఫోన్ చేయడానికి పుట్టగొడుగు అక్కర్లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది, అదొక జబ్బు. మర్నాడు పొద్దున్నే అదే పుట్టగొడుగు దగ్గరికి వెళ్లి పదకొండు ఫోటోలు తీశాను. పైన, కింద, కాడ, కాడ చుట్టూ ఉన్న పొర, నిలువుగా కోసిన ముక్క. మిగతా సగాన్ని కాగితం మీద బోర్లించి గ్లాసు మూతపెట్టి, సాయంత్రానికి రాలిన గోధుమరంగు పొడినీ తీశాను. అన్నిటి కిందా పేరు రాసి పంపాను. తెలుసు, అయితే ఏంటట అన్నట్టుగా.

"సరిగ్గా ఉంది," అని జవాబొచ్చింది. అంతే.

అడగడానికి నేనేం మిగిల్చానని? కూర్చున్న కొమ్మను నేనే నరుక్కున్నాను. బుధవారం పోయింది, గురువారం పోయింది. గోడ దగ్గరికి పోబుద్ధి కాలేదు. "గోడ విడాకులిచ్చిందా బావా?" అన్నాడు బావమరిది. నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది, వాడికి కనబడకుండా ఓ పాత గడియారం విప్పి దాని మీదికి వంగాను.

శుక్రవారం మధ్యాహ్నం షట్టరు సగం దించాను. అంతకుముందే మా ఇంటి గేటు రాతి మీది లైకెన్ గురించి ఒక చీటీ రాసి పెట్టుకున్నాను. రంగు, అంచు, తడిపితే ఎలా మారింది, బ్లీచింగ్ చుక్కకు ఏమైంది. ఆవిడ ఏమడిగినా తడుముకోకూడదని. నంబరు నొక్కాను.

"ఎవరండీ?" గొంతు నేననుకున్నదానికంటే పెద్దవయసుది. వెనకాల కుక్కరు కూత వేస్తోంది.

"నేనండీ. గ్రూపులో... అడుగుభాగం ఫోటో పెట్టనివాణ్ణి."

ఆవిడ నవ్వింది. "చెప్పండి చెప్పండి. ఏం దొరికింది ఈవేళ?"

చీటీ చేతిలోనే ఉంది. చదివితే అరగంట మాట్లాడొచ్చు. మొదటి పంక్తి చదవబోయి, చీటీ మడిచేశాను. ఆ లైకెన్‌తో నాకు పని లేదు, ఎప్పుడూ లేదు. అరవైరెండేళ్లలో పనేమీ లేకుండా నేను ఎవరికీ ఫోన్ చేసి ఎరగను.

"ఏమీ దొరకలేదండీ," అన్నాను. "ఊరికే చేశాను."

 కుక్కరు ఇంకో కూత వేసింది.

"పెట్టేయకండి," అంది ఆవిడ. "స్టవ్ ఆపేసి వస్తాను, ఉండండి."

చెప్పుల చప్పుడు లోపలికి వెళ్లింది. నేను ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే కూర్చున్నాను.