వేలు పట్టేంత సందు

అల్లుడికి ఎదురుగా "కాదు" అనడం ఎంత కష్టమో కూతురున్నవాళ్ళకే తెలుస్తుంది. అసలు "కాదు" అనడమే నా ఉద్యోగమాయె! లారీ ఫ్రేములను కొలిమిలో ఎర్రగా కాల్చి, ఉక్కు గట్టిపడేలా నూనెలో ముంచి, మళ్ళీ తక్కువ వేడిలో కాసేపు ఉంచి నా దగ్గరికి పంపుతారు. నేను ప్రతి ఫ్రేమునూ మూడుచోట్ల, రెండు కొసలా నడుమా, యంత్రంతో ఉక్కుగుండు నొక్కి ఆ గుంట కొలుస్తాను. గుంట పెద్దదైతే ఉక్కు మెత్తన. అలాంటిది లారీ బరువు మోయలేదు. ఎర్రరంగుతో గీత కొట్టి వెనక్కి పంపేస్తాను.

ఆ కొలిమి దగ్గర మా అల్లుడు కొత్తగా చేరాడు. సోమవారం మొదటిసారి సొంతంగా కొలిమిలోకి ఫ్రేముల లోడు ఎక్కించాడు. ఈ వారం పని చూసి శనివారం ఉంచేదీ పంపేదీ చెబుతానన్నాడు సూపర్‌వైజరు.

ఇరవై ఫ్రేములు వచ్చాయి. కొసలు భేషుగ్గా ఉన్నాయి. నడుమ గుంటలే కొన్ని పెద్దగా పడ్డాయి. పదకొండు మెత్తగా ఉన్నాయి.

"మీ యంత్రమే పాడైందేమో అత్తయ్యా!" అని అల్లుడు దాని మీద ఒక్కటిచ్చాడు.

"అత్త మీద కోపం దుత్త మీద చూపకండి బాబూ. లోడు ఎలా పేర్చారు?"

"దగ్గరదగ్గరగా. ఒకేసారి ఎక్కువ అవుతాయని."

"నడుములు అతుక్కుపోతే మధ్యలోకి నూనె ఎలా వెళ్తుంది? వేలు పట్టేంత సందైనా ఉండాలి కదా!"

అతను మొహం మాడ్చుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా పదకొండింటికీ గీత కొట్టాను.

సాయంత్రం కూతురు ఫోను చేసింది. "సొంత అల్లుడని కూడా చూడలేదా అమ్మా?"

"చూశానే. అందుకే ఒక్కోటీ రెండుసార్లు కొలిచాను."

ఆ వారమంతా అల్లుడు నాతో మాట్లాడితే ఒట్టు. ఫ్రేములు మాత్రం వంక పెట్టడానికి లేకుండా వచ్చాయి.

శనివారం సూపర్‌వైజరు వచ్చేసరికి ఒక ఫ్రేము పక్కన పడి ఉంది, ఎర్రగీతతో.

"ఒక్క గుంటా లేదు, కొలవకముందే గీత కొట్టేశారేంటమ్మా?" అన్నాడు నాతో.

"నేను కాదండీ."

"నేనే కొట్టాను సార్," అన్నాడు అల్లుడు. "ముంచేటప్పుడు పక్కదానికి ఆనింది. దీని నడుము మీద నాకు నమ్మకం లేదు. అత్తయ్యా, మీరొకసారి చూడండి."

కొలిచాను. నడుము మెత్తనే! ఒక ఫ్రేము పాడైందని ఇంత సంతోషపడటం నా సర్వీసులో అదే మొదలు. సూపర్‌వైజరు ఆ గీతను, అతని చేతికంటిన ఎర్రరంగును చూశాడు.

"సోమవారం నుంచి నువ్వు పర్మనెంటు," అన్నాడు.

ఆదివారం మళ్ళీ కూతురి ఫోను. "అమ్మా, మా ఆయనకి ఏం నేర్పావే? నేను కంచాలు కడిగి స్టాండులో పెడితే, వెనకే వచ్చి మధ్యలో వేలు పెట్టి చూసి మళ్ళీ సర్దుతున్నారు. అతుక్కుంటే తడి ఆరదట!"

కడుపుబ్బ నవ్వాను. వెనక నుంచి అల్లుడి గొంతు వినిపించింది. "నేను చెప్పింది కరెక్టో కాదో అత్తయ్యనే అడుగు."

"కరెక్టే అని చెప్పవే," అన్నాను.