మంచు డ్రాగన్ నిద్ర

డ్రాగన్ పూర్తయితే భార్య వెళ్లిపోతుంది. అందుకే బొమ్మలాయన దాన్ని పూర్తి కానివ్వడం లేదు.

ఇద్దరూ ఒకే చోట పనిచేస్తారు. బొమ్మల్ని కాస్త కాస్త కదుపుతూ ఫోటోలు తీసి సినిమా చేసే స్టూడియో అది. ఆయన తీగతో ఎముకలగూడు కట్టి, మట్టితో ఒళ్లు పోస్తాడు. ఆవిడ పైన తోలు కుడుతుంది. పోయిన చలికాలంలో ఆవిడకు గర్భం పోయింది. ఆ ఊసెత్తితే ఎక్కడ బాధపడుతుందోనని, ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు ఈయన నోరు మెదపకుండా తిరిగాడు. ఈ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదే అని ఆవిడ మనసు విరిగిపోయింది.

"దీనికి తోలు కుట్టేసి అక్క దగ్గరికి వెళ్లిపోతాను. మళ్లీ వస్తానో రానో తెలీదు" అని చెప్పేసింది.

ఇక ఆయన డ్రాగన్‌లో తప్పులు వెతకడం మొదలుపెట్టాడు. ఇంతేసి రెక్కలైతే మంచుగాలికి కొయ్యబారిపోతాయని పొట్టివి చేశాడు. వేడంతా చెవుల్లోంచే పోతుందని వాటిని కుదించాడు. పొలుసుల కింద బొచ్చు కావాలన్నాడు, తోక కురచగా ఉండాలన్నాడు. చిక్కేమిటంటే, చెప్పినవన్నీ సబబుగానే ఉన్నాయి. వాయిదా వేద్దామని కూర్చున్నవాడి చేతిలో డ్రాగన్ నిక్షేపంలా తయారవుతోంది.

ఓ పొద్దున దర్శకుడు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"బావుందయ్యా. ఇంతకీ ఎలా పడుకుంటుంది?"

అక్కడి పద్ధతే అంత. పడుకునే తీరు చూపించందే ఏ జంతువూ కుట్టుబల్ల దాకా వెళ్లదు. నిద్రపోవడం చేతకాని బొమ్మకి ప్రాణం ఉందంటే ఎవరూ నమ్మరని దర్శకుడి వాదన.

బొమ్మలాయన డ్రాగన్‌ని ఒక పక్కకి ఒరిగించి చూశాడు. కడుపులో నిప్పున్న జంతువాయె. మంచు మీద పడుకుంటే కింద కరిగి, తెల్లారేసరికి నీళ్లలో తేలుతుంది!

మధ్యాహ్నం ఎండ వెచ్చగా వీపు మీద పడుతుంటే బల్ల మీద తల ఆనించాడు. కన్ను అంటుకుందో లేదో ఆయనకే తెలియదు. గది గోడలు తెల్లబడి, పలచబడి, ఎటు పోయాయో పోయాయి. ఎటు చూసినా మంచే. అంత తెలుపులో ఒక డ్రాగన్ మునివేళ్ల మీద నిలబడి ఉంది. ఒళ్లంతా ముడుచుకుని, పొట్ట కింద ఇంత జాగా దాచుకుంది. గుడ్డు ఉండాల్సిన జాగా. అక్కడ ఏమీ లేదు. అయినా దాన్ని వెచ్చగా కాచుకుంటూనే ఉంది. దూరం నుంచి ఇంకోటి బెరుకు బెరుగ్గా వచ్చి, ఎదురుగా నిలబడి, రొమ్ముకి రొమ్ము ఆనించింది. ఒకదాని బరువు ఒకటి మోస్తూ రెండూ నిద్రపోయాయి. వాటి వీపుల మీద పడ్డ మంచు ఆవిరై మెల్లగా పైకి పోతోంది. చప్పుడన్నది లేదు.

ఉలిక్కిపడి లేచి, ఆ నిద్ర తీరు మరిచిపోకముందే మట్టి తీసుకుని, రెండో డ్రాగన్‌ని చేయడం మొదలుపెట్టాడు.

సాయంత్రం కొలత టేపు మెడలో వేసుకుని ఆవిడ వచ్చింది. జంటని చాలాసేపు చూసింది. వంగి, పొట్టల కిందికి తొంగి చూసింది.

"గుడ్డేదీ?"

"లేదు" అన్నాడాయన. "ఈసారి దక్కలేదు. నాకూ ఏడుపొచ్చింది. నీ ముందు ఏడిస్తే నువ్వు మరీ కుంగిపోతావేమోనని... స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాణ్ని."

"పిచ్చి మనిషీ" అంది ఆవిడ. "నేనొక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నాను కదండీ, ఇన్నాళ్లూ!"

కొంగుతో మొహం తుడుచుకుని, అలవాటుగా కొలతలకి దిగింది. ఆనుకున్న రొమ్ముల మధ్య టేపు దూరలేదు. వేలూ దూరలేదు. ఇన్నేళ్ల అనుభవమున్న బొమ్మలాయన, సూది ఆడటానికి సందు వదలాలన్న మొదటి పాఠమే మరిచిపోయి, రెంటినీ ఒకదానికొకటి అదిమేశాడు.

"ఇలాగైతే తోలు ఎలా కుట్టనండీ?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. "విడదీసి ఇస్తాను. రేపటికల్లా అయిపోతుంది."

"ముట్టుకోకండి." ఆవిడ ఆయన చెయ్యి పట్టి ఆపింది. "బయట నుంచే కొంచెం కొంచెంగా కుట్టుకొస్తాను."

"అలాగైతే ఎన్నాళ్లు పడుతుందో ఏమో!"

"పట్టనీండి" అంది ఆవిడ, చెయ్యి వదలకుండానే. "అక్కకి ఫోన్ చేసి రావట్లేదని చెప్తాలెండి."