ఐదు దినార్ల వెలుతురు

ఆదివారం సాయంత్రం మునీంద్ర పెద్ద గిన్నెడు మచ్‌బూసు తీసుకెళ్ళి, ముక్కూ మొహం తెలియనివాళ్ళకి దగ్గరుండి వడ్డించి వచ్చాడు.

వాళ్ళూ మంచివాళ్ళే. ఎడారిలో గుడారం వేసుకుని కూర్చున్న మనుషుల ముందుకి చీకట్లోంచి ఎవరో వచ్చి వేడివేడి అన్నమూ మాంసమూ పెడితే, నువ్వెవరు నాయనా అని అడిగేంత మర్యాద తక్కువవాళ్ళు కారు. రమ్మన్నారు. కూర్చోమన్నారు. గిన్నె మూత తీశారు. మునీంద్ర కూడా వినయంగా ప్లేట్లు సర్దాడు. సగం గిన్నె ఖాళీ అయ్యాక, తను మామా అని పిలిచే ఇంటి యజమానురాలు ఎక్కడా కనిపించదేమిటని అతనికి అనుమానం వచ్చింది. తల తిప్పి చూశాడు. మామా లేదు. మామా కొడుకులు లేరు. ఆ గుడారం మొత్తంలో అతనికి బాగా తెలిసినది ఆ గిన్నె ఒక్కటే.

అసలు గుడారం అక్కడికి మూడొందల మీటర్ల దూరంలో ఉంది. అందులో మామా, ఆవిడ పిల్లలు, పిల్లల పిల్లలు, ఆకలితో ఉన్నారు.

మునీంద్రది రైల్వే కోడూరు. అక్కడ బొప్పాయి లోడ్లు తోలేవాడు. ఆరేళ్ళ నుంచి కువైట్ మిష్రిఫ్‌లో ఈ ఇంటికి డ్రైవరు. చలికాలం వస్తే కువైటీలందరి లాగే మామా కుటుంబం కూడా సాల్మీ రోడ్డు అవతల ఇసుకలో గుడారం వేస్తుంది. ఇంట్లో వంటమనిషి అంకాలమ్మ వండుతుంది. మునీంద్ర పాత జీపులో వేసుకుని అక్కడికి చేరుస్తాడు. ప్రతి గుడారానికీ గుర్తుగా ఒక గుంజకి రంగు లైటు కడతారు. మామాది పచ్చ లైటు. ఈ ఏడు పక్కన దిగినవాళ్ళకీ పచ్చరంగే నచ్చింది. ఫోన్లో లొకేషన్ పెట్టుకుంటే, అది రెండు గుడారాలకీ సరిగ్గా మధ్యలోకి తీసుకొచ్చి, చేరుకున్నారు అని చెప్పి చేతులు దులుపుకుంది. మిగిలిన చీకటి మునీంద్ర సొంతంగా దాటాలి.

"గురువారం నా చెల్లెళ్ళు వస్తున్నారు, కోడళ్ళని వెంటబెట్టుకుని," అంది మామా సోమవారం పొద్దున్న. మునీంద్రని మునీర్ అని పిలిచే ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. అదే భయం. "రాత్రి ఇషా నమాజు అయ్యేసరికి తిండి గుడారంలో ఉండాలి. నా గుడారంలో, మునీర్. లేకపోతే ఖలాస్. శనివారం నుంచి నువ్వు మేకల దగ్గర."

మామా వాళ్ళకి ఎడారిలో ఒక మేకల దొడ్డి ఉంది. అరవై మేకలు, ఒక నీళ్ళ ట్యాంకు, ఒక రేకుల గది. ఫోను సిగ్నలు లేదు. ఒకసారి దాణా దింపడానికి వెళ్తే, ఒక మేక అతని చొక్కా జేబులోంచి రీచార్జి కార్డు తీసుకుని, అతని కళ్ళలోకి చూస్తూ నమిలింది. డ్రైవరుగా గల్ఫుకి వచ్చిన మనిషి ఆ మేకల మధ్య మిగిలిపోతే, ఊళ్ళో ఏమని చెప్పుకోవాలి?

"లైట్లు బాలేవు మామా," అన్నాడు అరబిక్కులో, ఏడవలేక. "ముందు ఏముందో కనపడదు."

మామా జీపుని ఒకసారి చూసింది. దాని వయసు పద్దెనిమిదేళ్ళు. పర్సు తీసి ఐదు దినార్లు ఇచ్చింది. "అంతకి మించి ఒక్క ఫిల్సు కూడా ఈ ముసలిదాని మీద పెట్టను. యల్లా."

నిజానికి నగరంలో ఆ లైట్లతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. కువైట్ రోడ్ల మీద వీధిదీపాలు పెళ్ళిపందిరిలా వెలుగుతాయి. హెడ్‌లైట్లు ఆపేసుకుని తోలినా దారి తెలుస్తుంది. మునీంద్ర ఎన్నోసార్లు వేసుకోవడమే మర్చిపోయాడు. దీపస్తంభాలు ఆగిపోయిన చోట గానీ జీపు లైట్ల బతుకు బయటపడలేదు.

మధ్యాహ్నం అల్ రాయ్‌కి వెళ్ళాడు. అక్కడ స్పేర్ పార్టుల షాపులో సత్యప్రసాద్ పనిచేస్తాడు. రాజోలు మనిషి. గోదావరి యాసలో ఎంత చేదు మాటైనా అండీ పెట్టి చెప్తాడు కాబట్టి, తిట్టాడో పొగిడాడో ఇంటికి వెళ్ళాక గానీ అర్థం కాదు.

సత్యప్రసాద్ జీపు ముందు గొంతుక్కూర్చుని, హెడ్‌లైటు డూమ్ మీద గోరుతో గీశాడు. పసుపు పచ్చటి పొడి రాలింది.

"బల్బులు బానే ఉన్నాయండి. దాని ముందున్న ప్లాస్టిక్కే పోయింది. ఎండకి కాగి కాగి, ఇసక గాలికి గీరుకుపోయి, ముసలోళ్ళ కంట్లో శుక్లంలా అయిపోయిందండి. ఆయ్."

"కొత్త డూమ్‌లు ఎంత ప్పా?"

"జత తొంభై దినార్లండి."

"జీపే అంత జెయ్యదు సామీ."

"నేననలేదండి. తవరే అన్నారు."

"మా పక్కింటి పెంచల్ బండికి తెల్ల లైట్లు ఏపిచ్చినాడు. ఎల్‌ఈడీ అంట. రాత్రి పూట పగలు మాదిరి ఉంటాదంట. అయ్యి ఇయ్యి నాకు. నాలుగు దినార్లే గదా?"

సత్యప్రసాద్ నిట్టూర్చాడు. "ఇత్తానండి. ఇవ్వడానికేం. కానీ ఈ డూమ్ పాత బల్బుకి కొలత పెట్టి చేసిందండి. ఇందులో అది పెడితే వెలుగు ఎటెళ్ళాలో దానికి తెలీదు. రోడ్డు తప్ప అన్నీ కనపడతాయండి."

"నీకేం తెల్సు, నువ్వు అమ్మేవోడివి," అన్నాడు మునీంద్ర.

"మరేనండి. అందుకే అట్టపెట్టె దాచుకోండి. రేపెలాగూ వత్తారు."

ఆ సాయంత్రం ఇంటి ముందు స్విచ్చి వేయగానే మునీంద్ర గుండె పొంగింది. తెల్లటి, పాల లాంటి వెలుగు. ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టల క్లిప్పులు లెక్కపెట్టొచ్చు. ఖర్జూరం చెట్టు చిటారున నిద్రపోతున్న పావురాలు లేచి, తెల్లారిందనుకుని పనిలోకి దిగాయి. మూడో అంతస్తులో ఎవరో విసురుగా కర్టెను లాగారు. రోడ్డు మాత్రం, పాపం, ఎప్పటిలాగే చీకట్లో పడుకుని ఉంది.

అంకాలమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆమెది కడప పక్క పల్లె. వయసులో పెద్దది, నోట్లో ఇంకా పెద్దది.

"ఏందబ్బీ, ఇమానాలు దించుతాండావా?"

మర్నాడు సత్యప్రసాద్ అతన్ని చూడగానే స్క్రూడ్రైవరు అందుకున్నాడు. బల్బులు వెనక్కి తీసుకుని, పాత బల్బులే బిగించి, కౌంటరు మీద మూడు వాటర్ పేపర్లూ ఒక క్లియర్ స్ప్రే డబ్బా పెట్టాడు. మూడున్నర దినార్లు.

"ముందు గరుకుది, తరవాత నున్నదండి, ఆఖర్న ఇంకా నున్నది. నీళ్ళు పోత్తా రుద్దాలి. చెయ్యి నొప్పెడితే ఆపొద్దండి, చెయ్యి మార్చండి. ఆరేక స్ప్రే కొట్టండి. కొట్టిన తరవాత మర్నాటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు. గాలికి కూడా చెప్పండి."

కానీ బుధవారమంతా మామా అతన్ని సూపర్ మార్కెట్టుకీ దర్జీ దగ్గరికీ తిప్పింది. గురువారం పొద్దున్న గానీ బకెట్టు పట్టుకుని జీపు ముందు కూర్చోవడం కుదరలేదు. గరుకు కాగితం నాలుగుసార్లు తిప్పేసరికి అసలున్న కాస్త మెరుపూ పోయి డూమ్ మొత్తం తెల్లగా మసకబారింది. సత్యప్రసాద్‌కి ఫోన్ చేశాడు.

"సామీ, పాలు పోసినట్టయిపాయ! ఉండేది గూడా పాయ!"

"అవ్వాలండి. రుద్దండి."

"ఇంగా రుద్దితే ఏంగాదా?"

"అవుద్దండి. బాగవుద్ది."

రెండు గంటలు రుద్దాడు. మూడో కాగితం దగ్గర ఆ మసకలోంచి మెల్లిగా లోపలి బల్బు కనిపించడం మొదలైంది. స్ప్రే పడగానే రెండు డూమ్‌లూ ఒక్కసారి గాజులా మెరిశాయి. మునీంద్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంత సంతోషానికి, కొంత స్ప్రేకి. అప్పుడే బడి నుంచి పిల్లల్ని తేవాల్సిన వేళైంది.

"అక్కా, నేను చిన్న కార్లో పొయ్యొస్తా. ఆ లైట్ల మింద ఎవుర్నీ చెయ్యి పెట్టనీయాకు."

"ఎవురు పెడ్తారబ్బీ, నేనుండా గదా," అంది అంకాలమ్మ.

తిరిగొచ్చేసరికి జీపు అతని వైపు ఎర్రగా చూస్తోంది.

రెండు డూమ్‌లకీ నట్టనడుమ అరచేతి వెడల్పున గుండ్రంగా పసుపు. పసుపు మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. అద్దానికి అద్దినట్టు లేదు. ఇంకా ఆరని స్ప్రేలో దిగిపోయి, అద్దంతోనే పుట్టినట్టు ఉంది. చక్రాల కింద నలిగిపోవడానికి నాలుగు నిమ్మకాయలు సిద్ధంగా ఉన్నాయి.

"అక్కా!"

"ఏంది?"

"ముట్టుకోవద్దని చెప్తిని గదక్కా!"

"ముట్టుకున్నామేమి? బొట్టు పెట్నా. దేముని పని ముట్టుకోడమెట్టయితాదిరా? మిక్సీ తెచ్చినా పెడ్తాం, కుక్కరు తెచ్చినా పెడ్తాం. బండికి కొత్త కండ్లొస్తే ఒట్టిగా పంపిస్తారా, అదీ ఎడార్లోకి?"

గుడ్డతో తుడిచాడు. గుడ్డ నూలు కూడా అతుక్కుంది. గోరుతో గీకాడు. గోరే అరిగింది. సత్యప్రసాద్‌కి ఫోటో పంపాడు. జవాబుగా ఒక్క ముక్క వచ్చింది: "ఇరవయ్యేళ్ళ సర్వీసండి. ఇది చూళ్ళేదు." మళ్ళీ మొదటి నుంచి రుద్దాలట, కొత్త కాగితాలు కొని. బయల్దేరడానికి రెండు గంటలుంది. గిన్నెలు సర్దాలి, బొగ్గులెక్కించాలి, తివాచీలు కట్టాలి. అంకాలమ్మ కూడా వడ్డించడానికి వస్తోంది. నిమ్మకాయలు నలిగాయి. జీపు కదిలింది.

సాల్మీ రోడ్డు దిగి ఇసుకలోకి రాగానే మునీంద్ర లైట్లు వేశాడు.

కనిపించింది! బొట్టు చుట్టూ మిగిలిన మేర అద్దంలా ఉంది కదా, వెలుగు తిన్నగా నేల మీద పడింది. టైర్ల జాడలు, గతుకులు, రాళ్ళు, ఎవరో పారేసిన పెరుగు డబ్బా. ఆరు చలికాలాల నుంచి తను ఏ దారిన వస్తున్నాడో మునీంద్ర మొదటిసారి చూశాడు. చూసి హడలిపోయాడు. ఎడమ పక్క మనిషి లోతు గుంత ఉంది. దాని అంచు మీద పాతబడిన టైరు జాడలున్నాయి. ఆ టైరు అచ్చులు తన జీపువే.

కాలు దానంతట అదే బ్రేకు మీదికి వెళ్ళింది. పది కిలోమీటర్ల వేగం. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కుంకుమ వల్ల వెలుతురు మధ్యలో రెండు ఎర్రటి మసకలు పడుతున్నాయి. జీపు ఊగినప్పుడల్లా అవి ఇసుక మీద అటూ ఇటూ పరిగెడుతున్నాయి. ఏదో అడ్డమొచ్చిందని మునీంద్ర బ్రేకు తొక్కుతాడు. అవి ఆగుతాయి. కదిలితే అవీ కదులుతాయి.

"ఏందిరా ప్రతిదానికీ నిల్చిపోతాండావు?" వెనక సీట్లో గిన్నెని ఒళ్ళో పసిబిడ్డలా పట్టుకున్న అంకాలమ్మ కసిరింది.

"ముందర ఏదో పోతాండాదక్కా."

"నా బొట్టు నీడే గదరా! దాన్ని తొక్కితే ఏమీ గాదు, పోనీ!"

"తొక్కేది కుదరదు గదక్కా, అది ముందర ముందరే పోతాది."

"నిన్నటిదాకా ఏమీ కనపడకుండానే గాలి మాదిరి వస్తాంటివి. కనపడేతలికి నీకేం రోగమొచ్చె? ఇషా అయిపోతాది, బిన్నా పోనీరా సచ్చినోడా. శనివారం నించి మేకలకి తోల్తువు గానీ బండి!"

మేకల మాట వినగానే కాలు యాక్సిలరేటర్ మీదికి వెళ్ళింది. గుంత కనిపించగానే వెనక్కి వచ్చింది. వెళ్ళింది. వచ్చింది. నాలుగు కిలోమీటర్లకి యాభై నిమిషాలు పట్టింది. దారిలో ఒక ముసలి ఒంటె వాళ్ళని దాటుకుని వెళ్ళిపోయింది. తొందర లేకుండా, ఓరగా ఒక చూపు చూసి.

ఈసారి గుడారం మాత్రం తప్పలేదు. గుంజ, దాని కింద మామా కొడుకు కారు, కారు నంబరు కూడా చదవగలిగాడు. కానీ ఇషా అయి ఇరవై నిమిషాలైంది. గుడారం బయట ఆడవాళ్ళు, పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. చీకట్లోంచి రెండు ఎర్ర కళ్ళు నడక వేగంతో తమ వైపు వస్తుంటే, అరగంట నుంచి కన్నార్పకుండా చూస్తున్నారట. చిన్న పిల్లలు అమ్మల వెనక దాక్కున్నారు. పెద్ద పిల్లలు వీడియో తీస్తున్నారు.

మునీంద్ర దిగాడు. "నేనే మామా," అన్నాడు.

మామా చేతి గడియారం చూసుకుంది. జీపు వైపు చూసింది. "ఆ ఎరుపేంటి?"

మునీంద్ర అంకాలమ్మ వైపు చూశాడు. అంకాలమ్మే గిన్నెతో దిగుతూ తనకొచ్చిన అరబిక్కులో చెప్పింది, దిష్టి తగలకుండా అని.

మామా వేలితో గిన్నె వైపు చూపించింది. తివాచీ మీద పెట్టి మూత తీశారు. అందరూ వంగారు.

అడుగున అన్నం అన్నంలాగే ఉంది. దాని మీద మాంసం, పేర్చిన ముక్క పేర్చినట్టే. మాంసం మీద వేయించిన ఉల్లిపాయలు, ఎండు ద్రాక్ష, బాదం పలుకులు. ఎవరో ఇప్పుడే కూర్చుని ముగ్గు వేసినట్టుంది. పొగలు కూడా వస్తున్నాయి. ఆ గుంతల్లో గాలిలా వచ్చిన రోజుల్లో ఇదే గిన్నె ఇక్కడ తెరిస్తే, ద్రాక్ష అడుగున, అన్నం మూతకి, ఎముకలు ఎటంటే అటు. వంట చేతకాదని అంకాలమ్మ ఆరు చలికాలాలు మాటలు పడింది. ఇప్పుడామె మెల్లిగా తల తిప్పి మునీంద్రని చూసింది. ఆ చూపుకంటే ఆ రెండు లైట్లే నయం.

"మాషాల్లా," అంది మామా పెద్ద చెల్లెలు. "ఇంత దూరం ఇలా తెచ్చాడా? ఈ డ్రైవర్ని నాకివ్వు."

"మునీర్ నా డ్రైవరు," అంది మామా చప్పున. "నీకు కావాలంటే మేకలనిస్తాను."

మునీంద్ర అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాడు. మామా అతని ముందు ప్లేటు పెట్టించి, అప్పుడు అసలు మాట చెప్పింది. "రేపు మా అత్తగారి గాజు టీ గ్లాసులు తేవాలి. అరవై. బంగారు అంచువి. ఇదే నడకలో రావాలి, ఒక్కటి కూడా పగలకూడదు. మగ్రిబ్ నమాజుకి ముందే ఇక్కడుండాలి. ఆ లైట్లని ఎవరూ ముట్టుకోకండి."

అన్నం కలుపుతూ మునీంద్ర మనసులో లెక్కవేసుకున్నాడు. మగ్రిబ్ అంటే పొద్దు గుంకే వేళ, చలికాలంలో ఐదు లోపే. ఇసుకలో యాభై నిమిషాలు. గాజు కాబట్టి ఇంకో పావుగంట. రోడ్డు మీద ముప్పావుగంట, గ్లాసులు దించడానికి పావుగంట. మధ్యాహ్నం రెండున్నరకే బయల్దేరాలి.

జేబులో ఫోన్ మోగింది. సత్యప్రసాద్.

"ఏవండీ, చేరేరా? ఎలా కనపడతన్నాయండి లైట్లు?"

"బెమ్మాండంగా కనపడ్తాండాయి సామీ," అన్నాడు మునీంద్ర, నోట్లో ముద్ద మింగి. "రేపట్నించి పగలే తోల్తాండా."