వాలు అక్షరాల బావి

స్వరూపకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి! చెప్పిన మాట చెవిన పెట్టకపోగా, తప్పంతా తెచ్చి ఆమె నెత్తినే రుద్దాడు యుగేందర్.

జనగామలో యుగేందర్‌ది సర్వే మ్యాపులు గీసే ఆఫీసు. కొడకండ్ల వైపు వేస్తున్న కొత్త రోడ్డుకు మ్యాపులు అక్కడే తయారవుతాయి. సర్వేయర్ నగేశ్ కొలతలు తెస్తే స్వరూప కంప్యూటర్‌లో గీస్తుంది. వాళ్లలో ఒక అలవాటుంది. నీళ్లున్న బావి అయితే 'బావి' అనే మాటను వాలుగా రాస్తారు, పాడుబడ్డదైతే నిటారుగా. ఇరుకు గీతల మధ్య అంతకు మించి రాయడానికి చోటుండదు. రోడ్డు పనివాళ్లకూ ఆ సంగతి తెలుసు. వాలుగా ఉన్నదాన్ని రైతును అడగకుండా ముట్టరు. ఎవరూ రూలుగా రాసిపెట్టలేదు, నోటిమాటగానే నడిచింది. అదే కొంప ముంచింది.

పోయిన వారం పైనుంచి హుకుం వచ్చింది: అన్ని షీట్లలో అక్షరాలు ఒకే సైజులో, నిటారుగా ఉండాలట! వందల షీట్లు. చేత్తో మార్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే స్వరూప మాక్రో రాసింది. చేయాల్సిన పనిని ఒక్కసారి వరుసగా రాసిపెడితే, కంప్యూటరే ఒక్కో షీటూ తెరిచి మార్చుకుంటూ పోతుంది.

"అన్నా, జర ఆగు. వాలు అక్షరాలున్న కాడ ముందుగాల 'నీళ్లున్నయి' అని చేర్చేతట్టు ఇంకో నాలుగు లైన్లు రాస్త. పొద్దుగూకే వరకు అయిపోతది," అంది.

"వాళ్లు అడిగింది చెయ్, గంతే. మనకెందుకు లేనిపోని లొల్లి?" అని యుగేందర్ తనే బటన్ నొక్కాడు. చాయ్ చల్లారేలోపు అక్షరాలన్నీ బుద్ధిమంతుల్లా నిలబడ్డాయి. షీట్లు వెళ్లిపోయాయి.

ఇవాళ పొద్దున నగేశ్ ఫోన్ చేశాడు. "అక్కా, ఉప్పలమ్మ బాయిల మట్టి పోస్తున్నరు!"

స్వరూప స్కూటీ మీద దేవరుప్పుల దాటి వచ్చేసరికి ఒక టిప్పర్ మట్టి బావిలో పడనే పడింది. రెండో టిప్పర్ వెనక్కి తిరిగి అంచుకు వస్తోంది. ఉప్పలమ్మ వరికి ఆ బావి తప్ప వేరే దిక్కులేదు. పైరు పొట్టకొచ్చి ఉంది. సైట్ ఇంజినీరు అమర్ షీటు చూపించాడు.

"నిటారుగనే ఉంది గద మేడం. గిది తప్పని మీ ఆఫీసు నుంచి సంతకం పెట్టి పంపియ్యమనుండ్రి, గిప్పుడే ఆపుత."

యుగేందర్‌కు ఫోన్ చేస్తే ఏమన్నాడు? "తప్పని మనమే రాసిస్తే ఇంకో పని ఎవలిస్తరు? మాక్రో రాసింది నువ్వు. నేను సంతకం పెట్ట."

"నొక్కింది ఎవలన్నా? జర ఆగుమని మొత్తుకున్న గద!" స్వరూప గొంతు పొలం చివరిదాకా వినిపించింది. "ఆమె పంట కండ్ల ముంగట ఎండిపోతదంటే, నీకు నీ పేరు పోతదని రందా? సిగ్గనిపిస్తలేదా?"

బావి గట్టున నిలబడ్డ ఉప్పలమ్మ వచ్చి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుంది. అరవలేదు.

"నాయినా, నువ్వొక్కపారి రా. మీరు పోసిన మట్టినీళ్లే చెంబెడు తోడి నీ చేతికిస్త. తాగు. తాగినంక, గిది పాడువడ్డ బాయని నా ముంగటనే సంతకం పెట్టు."

ఆ మాట విన్న రెండో టిప్పర్ డ్రైవర్ ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని కిందికి దిగాడు.

"అవ్వా, ఎవలు సంతకం పెట్టినా నేనైతే పొయ్య," అన్నాడు.