ఐదు మీద వేలు

ఇండోనేషియాలోని జెపారా ఊళ్లో ఆ వారం సెకార్ పని ఇల్లిల్లూ తిరిగి భార్యాభర్తల కాపురం ఎలా ఉందో అడిగి, జవాబులు అంకెల్లో రాసుకోవడం. విశ్వవిద్యాలయం వాళ్ల సర్వే అది. ఒకటి అంటే అస్సలు లేదు, ఐదు అంటే ఎప్పుడూ. ముందుగా తన పేరు, ఆఫీసు అడ్రసు ఉన్న కాగితం ఇంటివాళ్లకి ఇవ్వాలి. ఇద్దరినీ విడివిడిగా అడగాలన్నది నియమం. చెక్క మీద నగిషీలు చెక్కే దర్సోనో ఇంట్లో ఆ నియమం సాగలేదు.

"మా మధ్య దాపరికాల్లేవు మేడం. నా ముందే అడగండి," అంటూ అతను గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాడు. చేతిలో ఉలి ఉంది. మాట మాత్రం మెత్తన.

సెకార్ అప్పుడే లేచి వచ్చేయాల్సింది. టీ గ్లాసు చేతికిచ్చేసరికి మొహమాటపడింది.

అతని భార్య లస్మి, జవాబు చూపించడానికి సెకార్ ఇచ్చిన అంకెల అట్టను అతనికి కనపడకుండా ఒళ్లో పెట్టుకుంది.

"మీ ఆయన మీ మాట వింటారా?"

"వింటారు. ఐదు వేసుకోండి."

"ఆయనతో సంతోషంగా ఉన్నారా?"

"ఐదే."

"రాయండి మేడం," అని నవ్వాడు దర్సోనో. "మా ఆవిడకి లెక్కలు రావు గానీ ఐదు మాత్రం బాగా వచ్చు."

"విడిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"ఒకటి. అస్సలు లేదు," అంది లస్మి. నోరు ఒకటి అంటుంటే వేలు ఐదు మీద ఉంది. గోరు తెల్లబడేలా నొక్కిపట్టింది.

"ఆయనంటే భయమేస్తుందా?"

"ఛ. ఒకటి." వేలు కదల్లేదు.

సెకార్ వేలు చెప్పిందే రాసింది. దర్సోనో లేచి వచ్చి కాగితంలోకి తొంగిచూశాడు.

"ఇక్కడ ఐదేంటి?"

"ఆ రెండు ప్రశ్నలకీ అంకెలు తిరగేసి రాస్తాం," అంది సెకార్.

అతను ఆమె మొహంలోకే చాలాసేపు చూశాడు. "అలాగా. అయితే ఆ రెండింటికీ నాకూ ఐదే వేయండి."

బయటపడగానే సెకార్ ఆ వీధి పెద్ద అయిన మార్ని ఇంటికి పరిగెత్తి ఆమెను వెంటబెట్టుకొచ్చింది. అప్పటికే తలుపుకి తాళం పడింది.

"సంచి సర్దించి తీసుకుపోయాడు. వాళ్ల దీవికట," అంది పక్కింటావిడ. "ఆ పిల్ల కాళ్లకి చెప్పులైనా లేవు."

మార్ని రేవు పోలీసులకు ఫోన్ చేసి, సెకార్‌తో కలిసి రేవుకి పరిగెత్తింది. ఓడ కదలబోతుండగా లస్మిని కిందికి దించారు. ఆమె మార్ని భుజం గట్టిగా పట్టుకుంది గానీ, ఫిర్యాదు ఇస్తావా అంటే తల అడ్డంగా ఊపింది. ఫిర్యాదు లేనిదే ఏం చేస్తామని దర్సోనోని వదిలేశారు. అతను గొడవపడలేదు. పెళ్లాం వైపు చూడనైనా లేదు. ఓడ మీద నిలబడి సెకార్‌నే చూశాడు.

"మేడం, మీరిచ్చిన కాగితం నా దగ్గరే ఉంది. మీ పేరు, ఆఫీసు అడ్రసు, అన్నీ ఉన్నాయి," అన్నాడు నెమ్మదిగా. "ఎల్లుండి ఓడకి తిరిగొచ్చేస్తా."